టిక్కెట్టు లేని మధ్యాహ్నం కచేరీ

అన్నాలు తిన్నారా? మా చిత్తూరు వైపు మధ్యాహ్నం పూట ఎవరు ఎదురైనా మొదటి పలకరింపు అదే. పన్నెండున్నర మొదలు రెండున్నర దాకా ఉండే ఈ కాస్త పొద్దే మనది. మగవాళ్ళు ఆఫీసుల్లో ఉంటారు, పిలకాయలు బడిలో ఉంటారు. వంటిల్లు సర్ది, చెయ్యి తుడుచుకుని కూర్చుంటే కునుకు తీసేవాళ్ళు తీస్తారు, రేడియో పెట్టుకునేవాళ్ళు పెట్టుకుంటారు. సంగీత కచేరీకి వెళ్ళివద్దామనే ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. కచేరీలన్నీ సాయంత్రం ఆరింటికే గదా! ఆరింటికి మన ఇళ్ళల్లో ఉండే హడావుడి మీకు నేను చెప్పాలా?

మొన్న ధనుర్మాసంలో తిరుపతికి, మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. మా వీధి చివర ఒక చిన్న హాలు గోడ మీద కాగితం అంటించి ఉంది. మధ్యాహ్నం పన్నెండున్నరకు ఫిడేలు కచేరీ, అందరూ ఆహ్వానితులే, టిక్కెట్టు లేదు అని. పప్పు, చారు పొద్దున్నే చేసి పెట్టి వెళ్ళాను. వాయించేవాళ్ళు అక్కా తమ్ముడూ. అక్కకు పద్నాలుగేళ్ళుంటాయేమో, తమ్ముడికి పదకొండు దాటవు. వినడానికి వచ్చినవాళ్ళం ముప్పై మందిమి కూడా లేము. అందులో ఇరవై మంది ఆడవాళ్ళమే. నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్ళో స్టీలు గిన్నె పెట్టుకుని, నానేసిన అనపగింజలు పితుకుతూ కూర్చుంది. చిత్తూరు జిల్లాలో ఆ కాలంలో పితికిపప్పు లేని ఇల్లుండదు, తెలుసుగదా. నేను చూస్తుంటే నవ్వి, "చేతులకు పనీ, చెవులకు పాటా అమ్మా" అంది.

రెండో కీర్తన మధ్యలో అక్క ఫిడేలు మీద సన్న తీగ టప్పున తెగింది. నా గుండె జారింది. తమ్ముడు తల తిప్పి చూడను కూడా లేదు. అప్పటిదాకా అక్క వెనకాల వాయిస్తున్నవాడు ఆమె ఎత్తుకోవలసిన సంగతిని తాను ఎత్తుకున్నాడు. ఆ పిల్ల తొందర పడకుండా పెట్టెలోంచి కొత్త తీగ తీసి, కట్టి, బిరడా తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని శ్రుతి చూసుకుని, పల్లవి మళ్ళీ వచ్చేసరికి కలుసుకుంది. మృదంగం వాయించే కుర్రవాడు ఒక చిరునవ్వు నవ్వాడు. అంతే. అనపగింజల ఆవిడకు తీగ తెగిన సంగతే తెలియలేదు.

నేనూ మా తమ్ముడూ కూడా చిన్నప్పుడు ఫిడేలు నేర్చుకున్నవాళ్ళమే. ఆ కథ తర్వాత చెబుతాను. ఆవేళ ఇంటికి వచ్చాక మాత్రం ఒక్కటే ఆలోచన పట్టుకుంది. ఈ వాయిద్యం తోబుట్టువుల చేతుల్లోనే ఎందుకింత ఎక్కువగా కనబడుతుంది? ఈ మధ్యాహ్నం కచేరీ అనేది ఎవరి కోసం పుట్టింది? అప్పటినుంచి దొరికిన పుస్తకమల్లా చదివాను. పదో తరగతితో చదువు ఆపేసినదాన్ని, పొరపాట్లుంటే పెద్దలు మన్నించాలి.

అసలు ఫిడేలు మన సంగీతంలోకి వచ్చిందే ఒక తమ్ముడి వల్ల. ముత్తుస్వామి దీక్షితులవారి పేరు వినని ఇల్లుండదు. ఆయన తండ్రి రామస్వామి దీక్షితులు కుటుంబంతో సహా మద్రాసు దగ్గరి మణలి అనే ఊళ్ళో, అక్కడి ముదలియార్ల ఆదరణలో కొన్నేళ్ళున్నారు. ముదలియార్లకు ఇంగ్లీషు కుంపినీ దొరలతో బాగా రాకపోకలుండేవి. దీక్షితుల బిడ్డలను కోటలో వాయించే బ్యాండు సంగీతం వినడానికి వెంటబెట్టుకుని వెళ్ళేవారట. అది విని అన్నగారు ముత్తుస్వామి దీక్షితులు ఆ బాణీలకు సంస్కృతంలో మాటలు కూర్చారు. వాటినే నొట్టుస్వరాలంటాం, ఇప్పటికీ పిల్లలకు మొదట్లో నేర్పుతారు. ఆఖరి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు, 1786లో పుట్టినవాడు, పాటతో ఆగలేదు. ఆ వాయిద్యమే కావాలన్నాడు. ముదలియారుగారు ఒక యూరోపియన్ వాద్యకారుడి దగ్గర ఆయనకు ఫిడేలు నేర్పించారు. సుమారు మూడేళ్ళు నేర్చుకుని, తర్వాత దాని మీద మన రాగాలు పలికించాడు బాలుస్వామి. అదే కాలంలో తంజావూరు నలుగురు సోదరుల్లో ఒకరైన వడివేలు కూడా ఫిడేలులో పేరు తెచ్చుకున్నాడు. ఆయనా అన్నదమ్ముల్లో ఒకడే, చూశారా!

మన జిల్లా వాళ్ళకు ఇందులో ఒక చిన్న సంతోషం ఉంది. ముత్తుస్వామి దీక్షితులు మొట్టమొదటి కీర్తన చేసింది తిరుత్తణి కొండ మీద అంటారు. ఆ తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆ ఏడు సరిహద్దులు సర్దినప్పుడు మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. 2022లో తిరుపతి కూడా వేరే జిల్లా అయింది. మా పుట్టింటికీ మెట్టింటికీ మధ్య ఇప్పుడు జిల్లా సరిహద్దు ఉందంటే మా అత్తగారు ఇప్పటికీ నమ్మరు.

బాలుస్వామి, ఆయన పైవాడు చిన్నస్వామి జంటగా ఊళ్ళు తిరిగి కచేరీలు చేశారు. చిన్నస్వామి పోయాక బాలుస్వామి ఎట్టయాపురం సంస్థానంలో విద్వాంసుడై, 1858లో కన్నుమూశాడు. ఆయన కూతురి కొడుకునే దత్తు తీసుకున్నాడు. ఆ సుబ్బరామ దీక్షితులే 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. తమిళ దేశంలో, ఎట్టయాపురంలో అచ్చయిన ఆ పుస్తకం ఉన్నది మన తెలుగు లిపిలో. సంగీతం చదువుకునేవాళ్ళకు అప్పట్లో తెలుగు రాకపోతే కుదిరేది కాదు మరి. ఈ అన్నదమ్ముల ముచ్చట్లు మనకు తెలిసింది ముఖ్యంగా ఆ పుస్తకం వల్లే. అన్నదమ్ములు ముగ్గురూ అక్కడ కనిపిస్తారు. వాళ్ళతో పాటు ఆ ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు ఏమి పాడారో, ఏమి విన్నారో చెప్పే కథలు మాత్రం మనదాకా రాలేదు.

సరే, అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్ళే ఎందుకు? ఫిడేలుకు వీణలాగా మెట్లుండవు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పే గుర్తు ఏదీ లేదు. ఒక వెంట్రుకవాసి అటుయిటూ అయితే అపశ్రుతి. ఒక ఫిడేలు అపశ్రుతి భరించవచ్చు గాని, రెండు ఫిడేళ్ళు కలిపి వాయించేటప్పుడు చెరొక వాసి తప్పితే వినలేము. రెండు కమాన్లూ ఒకే చోట పైకి, ఒకే చోట కిందికి వెళ్ళాలి. జారు లాగే వేగం ఒకటే కావాలి. ఇదంతా రావాలంటే ఒకే గురువు దగ్గర, ఒకే చాప మీద, ఏళ్ళ తరబడి తెల్లవారుజామున కూర్చోవాలి. అలా కూర్చునేది ఎవరు? ఒక ఇంట్లో పుట్టినవాళ్ళే. పైగా పక్కవాద్యం వాళ్ళకు సంభావన ఇచ్చుకోలేని ఇంట్లో తమ్ముడికి మించిన పక్కవాద్యం ఎవరు దొరుకుతారు? దొరలు నిలబడి గడ్డం కింద నొక్కిపట్టుకుని వాయించే వాయిద్యాన్ని మనవాళ్ళు నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒక కొస గుండెకు, ఒక కొస కాలి మడమకు ఆనించుకున్నారు. అప్పుడే చెయ్యి స్వేచ్ఛగా జారి గమకం పలుకుతుంది. తీగల శ్రుతి కూడా మార్చుకున్నారు, ష‌డ్జం పంచమం, ష‌డ్జం పంచమం అని. కొన్నది పరాయి పెట్టెను, వండినది మన వంట.

తోబుట్టువు గురువైన కథ చెప్పాలంటే మన ద్వారం వెంకటస్వామినాయుడుగారిదే చెప్పాలి. 1893లో బెంగుళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చిన్నప్పటినుంచీ చూపు సరిగా లేదు. బడిలో నల్లబల్ల మీది అక్షరాలు కనబడక చదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఫిడేలు నేర్పారు. కళ్ళతో పనిలేని చదువు అది. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు ఈయన విద్యార్థిగా చేరదామని వెళ్ళారు. అక్కడ అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఆయన వాయించింది విని, నువ్వు నేర్చుకోవలసింది కాదు, నేర్పవలసింది అని ఆచార్య పదవి ఇచ్చారు. అప్పటికి నాయుడుగారికి ఇరవయ్యారేళ్ళు. 1936లో అదే కళాశాలకు అధ్యక్షులయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు వచ్చింది.

అప్పటిదాకా ఫిడేలంటే గాత్రం వెనక నడిచే వాయిద్యమే. దాన్ని ఒంటరిగా కచేరీ ముందు కూర్చోబెట్టినవారిలో ఆయనది మొదటి వరస. 1938లో వేలూరులో జరిగిన ఆయన సోలో కచేరీనే మొదటిదిగా చెబుతారు. వేలూరు మాకు చిత్తూరునుంచి గంట ప్రయాణం. ఆస్పత్రికని, పెళ్ళిబట్టలకని ఎన్నిసార్లు వెళ్ళామో! ఈ సంగతి తెలియకుండానే ఆ వీధుల్లో తిరిగాను. 1952లో యెహూది మెనూహిన్ అనే ప్రపంచ ప్రఖ్యాత వాద్యకారుడు మద్రాసులో నాయుడుగారి వాదన విని ఎంతో మెచ్చుకున్నాడు. ఆ మెనూహిన్ కూడా తన చెల్లెలు హెఫ్జిబాను పియానో దగ్గర కూర్చోబెట్టుకుని జీవితమంతా కచేరీలు చేసినవాడే. నాయుడుగారి అమ్మాయి మంగతాయారుగారు తండ్రి విద్యను అందుకుని ఫిడేలు విద్వాంసురాలయ్యారు. ఇవన్నీ అందరూ చెప్పుకునేవే. ఆ అన్నగారి పేరు మాత్రం ఎంతమందికి గుర్తుంది?

ఇక మధ్యాహ్నం మాట. మద్రాసులో 1927 డిసెంబరులో కాంగ్రెసు మహాసభతో పాటు సంగీత సభ జరిగింది. దాన్నుంచే మరుసటి ఏడు మ్యూజిక్ అకాడమీ పుట్టింది, డిసెంబరు కచేరీల ఆనవాయితీ మొదలైంది. సభలు పెరిగినకొద్దీ కొత్తవాళ్ళకు చోటు ఎక్కడ అనే ప్రశ్న వచ్చింది. సాయంత్రాలు పేరున్నవాళ్ళవి. మిగిలింది అన్నం వేళ. చిన్నవాళ్ళను ఆ వేళ కూర్చోబెట్టి, టిక్కెట్టు తీసేసి తలుపులు తెరిచారు. ఇవాళ పెద్దపేర్లున్న ఎంతోమంది ఆ అన్నం వేళ మెట్టు ఎక్కి వచ్చినవాళ్ళే. దాన్ని ఖాళీ కుర్చీల కచేరీ అని ఎగతాళి చేస్తారు. నేనొప్పుకోను. ఆ కుర్చీల్లో కూర్చునేది క్యాంటీను దోశ తిన్నాక కాసేపు నడుం వాల్చడానికి వచ్చినవాళ్ళు కొందరైతే, ఆ రెండు గంటలు తప్ప ఇంకో పొద్దు లేని ఆడవాళ్ళు కొందరు. టిక్కెట్టు కొనమంటే మనం మొగుడినడగాలి, లేదా పోపులడబ్బా వెతకాలి. ఉచితమంటే చెప్పులు వేసుకుంటే చాలు.

లండనులోనూ ఇలాంటిది ఒకటి జరిగింది. 1939లో యుద్ధం రాగానే బాంబుల భయంతో నాటకశాలలు, సంగీతశాలలు మూసేశారు. అక్కడి నేషనల్ గ్యాలరీలో బొమ్మలన్నీ దూరం పంపేసి గోడలు బోసిపోయి ఉన్నాయి. మైరా హెస్ అనే పియానో విద్వాంసురాలు ఆ ఖాళీ గదుల్లో మధ్యాహ్న భోజనం వేళ కచేరీలు పెడదామంది. అక్టోబరు 10న మొదటి కచేరీ ఆమే చేసింది. వెయ్యి మంది దాకా వచ్చారు. పూర్తిగా ఉచితం కాదు, ఒక షిల్లింగు పుచ్చుకునేవారు. 1946 ఏప్రిల్ దాకా, బాంబులు పడే రోజుల్లో నేలమాళిగలోకి దిగి మరీ, 1,698 కచేరీలు జరిగాయి. రొట్టెముక్కలు అందించే క్యాంటీను ఆడవాళ్ళే నడిపారు. ఆమె పేరు మీద అమెరికాలో చికాగో నగరంలో 1977 నుంచి బుధవారం మధ్యాహ్నాలు కచేరీలు పెడుతున్నారు. అక్కడ పైసా అడగరు, వాయించేది ఎక్కువగా పైకి వస్తున్న చిన్నవాళ్ళే.

చదివినవాటిలో నన్ను బాగా పట్టుకున్నది మాత్రం ఇంకా పాత కథ. ఇటలీలో సావిల్యానో అనే ఊళ్ళో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. తెరేసా మిలనోల్లో 1827లో, మరియా 1832లో పుట్టారు. తెరేసా ఫిడేలు నేర్చుకుని, చెల్లెలికి తనే గురువైంది. ఆడపిల్ల ఫిడేలు పట్టడమే వింతగా చూసే రోజులవి. ఈ అక్కాచెల్లెళ్ళు చిన్న వయస్సులోనే ఫ్రాన్సు, జర్మనీ, ఆస్ట్రియా అంతా తిరిగి మోగించారు. అక్క నెమ్మదిగా మనసు కరిగేలా వాయించేది, చెల్లెలు చకచకా ముత్యాలు రాల్చినట్టు వాయించేది. జనం ఆ వాయింపుల పేర్లతోనే ఇద్దరికీ ముద్దుపేర్లు పెట్టారు. 1848లో, పదహారేళ్ళకే మరియా జబ్బు చేసి పారిస్‌లో చనిపోయింది. తెరేసా చాలాకాలం ఫిడేలు ముట్టలేదు. మళ్ళీ బయటికి వచ్చాక ఏంచేసిందంటే, వెళ్ళిన ఊళ్ళో రెండేసి కచేరీలు పెట్టింది. మొదటిది డబ్బున్నవాళ్ళకు, టిక్కెట్టు పెట్టి. రెండోది బీదపిల్లలకూ వాళ్ళ తల్లిదండ్రులకూ, ఉచితంగా. మొదటి కచేరీ డబ్బు రెండో కచేరీకి వచ్చినవాళ్ళకు సాయంగా పంచేది. చెల్లెలి పేర ఇంతకన్నా ఏమి చేస్తారండీ!

1857లో తెరేసాకు ఒక సైన్యాధికారితో పెళ్ళయింది. బహిరంగ కచేరీలు మానేసింది. అప్పటికి ముప్పై ఏళ్ళయినా నిండలేదు. 1904 దాకా బతికింది.

ఆ వాక్యం దగ్గర నేను పుస్తకం మూసేశాను. ఇప్పుడు మా ఇంటి కథ చెబుతాను.

మా నాన్న జీతంలో రెండు ఫిడేళ్ళు కొనే స్తోమతు లేదు. ఒక్కటే కొన్నారు. పొద్దున నాలుగున్నరకు నేను, అయిదున్నరకు తమ్ముడు. రోజు విడిచి రోజు ఇద్దరం కలిసి సాధన చేసేటప్పుడు మాస్టారు తన పాత ఫిడేలు ఇచ్చేవారు. తిరుపతిలో 1959 నుంచే దేవస్థానం వారి సంగీత నృత్య కళాశాల ఉంది. మమ్మల్ని అక్కడ చేర్చాలని అమ్మకు ఉండేది గాని, నేను పదో తరగతి కాగానే సంబంధం వచ్చింది. పెళ్ళికి ముందు ఏడాది ఒక ఉత్సవంలో ఇద్దరం కలిసి పావుగంట వాయించాం, మధ్యాహ్నం పూటే. పందిట్లో వంటవాళ్ళు విస్తళ్ళు పరుస్తున్నారు. మా నాన్న, అమ్మ, మాస్టారు, విస్తళ్ళు పరిచేవాళ్ళు, మా శ్రోతలు వాళ్ళే. అయినా మధ్యమావతి ఎత్తుకున్నప్పుడు వడ్డించే ముసలాయన బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మధ్యాహ్నం వేళకు శ్రీరాగం, మధ్యమావతి తగినవని పెద్దలంటారు. అది ఆయనకు తెలుసో తెలియదో!

చిత్తూరుకు కాపురానికి వచ్చేటప్పుడు ఫిడేలు తెచ్చుకుంటానని అడగాలని కూడా నాకు తోచలేదు. తమ్ముడు వాయిస్తాడు గదా అనుకున్నాను. ఎవరూ వద్దనలేదండీ. వద్దంటే కనీసం ఏడ్చి ఉండేదాన్ని. వాడూ ఉద్యోగం రాగానే మానేశాడు.

అందరి కథా ఇలా కాదు లెండి. టి.ఎన్. కృష్ణన్‌గారి చెల్లెలు ఎన్. రాజంగారు కాశీకి వెళ్ళి, హిందుస్తానీ బాణీలో ఫిడేలును గొంతులా పాడించి, అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. లాల్గుడి జయరామన్‌గారితో సమానంగా ఆయన చెల్లెలు శ్రీమతి బ్రహ్మానందం వేదిక మీద కూర్చున్నారు. విజయనగరం ఆడపడుచు అవసరాల కన్యాకుమారిగారు ఎం.ఎల్. వసంతకుమారిగారికి ఏళ్ళ తరబడి పక్కవాద్యం వాయించి, తన సొంత కచేరీలతోనూ నిలబడి, 2016లో సంగీత కళానిధి అందుకున్నారు. ఫిడేలు వాయించే స్త్రీకి ఆ బిరుదు రావడం అదే మొదలు. ద్వారంవారికి వచ్చిన డెబ్బై అయిదేళ్ళకు!

ఆవేళ కచేరీ అయ్యాక పిల్లల తల్లితో మాట్లాడాను. పొద్దున మూడున్నరకు లేచి, ఇద్దరికీ పాలు కాచి, సాధన దగ్గర కూర్చుంటుందట. తనకు సంగీతం రాదట. "తప్పు పలికితే మాత్రం వంటింట్లోంచి తెలిసిపోతుందక్కా" అంది. అమ్మాయి వచ్చే ఏడు పదో తరగతి. చదువు ఉంది గనక ఒక్క ఏడాది ఆపమని ఇంట్లో పెద్దవాళ్ళు అంటున్నారట. నేను ఏమీ అనకుండా ఉందామనుకున్నాను, ఉండలేకపోయాను. "ఆపితే ఇద్దరినీ ఆపండి, ఆ పిల్లనొక్కదాన్నే ఆపకండి" అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, ఇద్దరినీ ఆపేది లేదులే అక్కా అంది. ఆ పిల్ల తెగిన తీగను చుట్టగా చుట్టి, పారెయ్యకుండా పెట్టెలో ఓ మూల పెట్టుకుంటోంది.

మర్నాడు తమ్ముడికి ఫోను చేశాను. ఫిడేలు అటక మీద ఉందన్నాడు. దింపి చూస్తే పెట్టె తాళం తుప్పు పట్టింది, కమాను వెంట్రుకలు పురుగు కొట్టాయి, గుగ్గిలం ముక్క పొడి అయిపోయింది. ఫిడేలుకు మాత్రం పగులు లేదు. ఒళ్ళో పెట్టుకుని చిత్తూరు బస్సెక్కాను. పక్కసీటు ఆవిడ, "ఏమ్మా, కుట్టుమిషనా?" అని అడిగింది. కమానుకు వెంట్రుకలు మార్చేవాళ్ళు ఇక్కడ దొరకలేదు. తెలిసినవాళ్ళ చేత చెన్నైకి పంపాను. మూడు వారాలయింది, ఇంకా రాలేదు. మధ్యాహ్నాలు అన్నాలయ్యాక వేళ్ళతో మీటి శ్రుతి మాత్రం చూసుకుంటున్నాను. సన్న తీగ నిలవడం లేదు.